పడవ మోటారు ఆగిపోతే ముందు ఏం చూడాలి?
(పాత అవుట్‌బోర్డు మోటార్లలో ఇంధనం, కార్బురేటర్ సమస్యలపై ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగినప్పుడు కవిత రాద్దామా, క్రమశిక్షణ మీద వ్యాసం రాద్దామా అని మొదట అనుకున్నాం. ఆ రెండూ ప్రతి సంచికలోనూ ఉంటాయి. నాగాయలంక, కోడూరు వైపు నుంచీ, బందరు గిలకలదిండి వైపు నుంచీ వచ్చి ఇక్కడ గుడివాడలో చదువుకుంటున్నవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళితే వాళ్లలో ఎక్కువమంది నాన్నతోనో, మావయ్యతోనో పడవ ఎక్కుతారు. అందుకే మన పడవల వెనుక ఉండే మోటారు గురించి, మనకు తెలిసినంతలో ఒక పాఠంలా రాస్తున్నాం.

ఈ పాఠం ఎందుకు?

మా నాన్న ఇంకొకరి పడవలో కూలికి వెళ్లేవారు. ఆ పడవకు పాత రెండు స్ట్రోకుల పెట్రోలు మోటారు ఉండేది. మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, వేసవి వేట నిషేధం ముగిసిన కొద్ది రోజులకే, ఒక సాయంత్రం నాన్న, అన్నయ్య, ఇంకొకాయన తిరిగి వస్తుంటే మొగ దగ్గర మోటారు ఆగిపోయింది. అప్పుడే పాటు మొదలైంది. పాటు సమయంలో ఏటి నీరు, వెనక్కి తీసే సముద్రపు నీరు కలిసి పడవను బయటకు లాగేస్తాయి. తాడు లాగి లాగి అన్నయ్య అరచేతులు బొబ్బలెక్కాయి. లంగరు సంగతి గుర్తొచ్చేసరికే పడవ చాలా దూరం జరిగిపోయింది. అర్ధరాత్రి దాటి పోటు తిరిగాక తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరారు. ఆ రాత్రంతా అమ్మ గట్టు మీదే కూర్చుందట. హాస్టల్లో ఉన్న మాకు ఈ సంగతి రెండు రోజుల తర్వాత తెలిసింది.

మోటారును రిపేరుకు ఇచ్చారు. కార్బురేటర్ పోయిందన్నారు. విప్పి కడిగారు, కిట్టు మార్చారు. రెండు వారాల్లో రెండు సార్లు విప్పారు. ఖర్చులో కొంత కూలీల వాటాల్లోంచి కోసుకున్నారు. అయినా మోటారు పావుగంట నడిచి మళ్లీ ఆగేది.

మేము ఇంటికి వెళ్లినప్పుడు, మోటారుతో పాటు వచ్చిన ఇంగ్లిషు పుస్తకం యజమాని ఇంట్లో అటక మీద దొరికింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అయినా ఆ పుస్తకం మాకు తేలిగ్గా అర్థం కాలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రోజులు చదివాం. అందులో సమస్యల పట్టిక ఒకటి ఉంది. కార్బురేటర్ పేరు ఆ పట్టికలో చివర్లో ఉంది. దానికంటే ముందు ట్యాంకు, గాలి మర, పైపు, ఫిల్టరు, పంపు ఉన్నాయి. ఒక్కొక్కటే పైకి చదువుతుంటే అన్నయ్య, "ఆగబోయేటప్పుడు రబ్బరు బుడ్డి నొక్కుతూ ఉంటే ఆగట్లేదురా" అన్నాడు. ఆ మాట అప్పటిదాకా అతన్ని ఎవరూ అడగలేదు. కూలివాణ్ణి కదా, తనకేం తెలుసని అతనూ చెప్పలేదు. పైపు చివర కనెక్టరు ఊడదీసి చూస్తే లోపలి చిన్న రబ్బరు రింగు చీలిపోయి ఉంది. మోటారు అక్కడి నుంచి పెట్రోలుతో పాటు గాలిని లాగుతోంది. టీ ఖర్చంత రింగు మార్చాం. మోటారు నడిచింది.

ఆ రోజు మేము నేర్చుకున్నదే ఈ పాఠం సారాంశం: ఇంధనం ఏ దారిన నడుస్తుందో మనమూ ఆ దారినే వెతకాలి. ట్యాంకు దగ్గర మొదలుపెట్టాలి. కార్బురేటర్‌ను ఆఖరున విప్పాలి.

ఏ మోటారు గురించి?

పడవ వెనుక చెక్కకు బిగించే మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. నార్వే నుంచి అమెరికా వలస వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటి మోటార్లను అమ్మకానికి తెచ్చి వ్యాపారంగా నిలబెట్టాడు. జపాన్ కంపెనీ యమహా 1960లో తన మొదటి అవుట్‌బోర్డును తెచ్చింది.

గిలకలదిండి రేవులో కనిపించే పెద్ద మరబోట్లకు డీజిల్ ఇంజన్లు ఉంటాయి. పొడవాటి ఇరుసుతో నడిచే చిన్న డీజిల్ ఇంజన్లు కూడా మన తీరంలో చాలా ఉన్నాయి. డీజిల్ ఇంజనుకు కార్బురేటర్ ఉండదు. కొత్త పెట్రోలు మోటార్లలో కొన్నింటికి కంప్యూటరుతో ఇంధనం చిమ్మే పద్ధతి ఉంది. వాటికీ ఈ పాఠం పూర్తిగా వర్తించదు. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు మోటారు గురించే ఇక్కడ చెబుతున్నాం.

కార్బురేటర్ ఎలా పనిచేస్తుంది?

ఇంటర్ ఫిజిక్సులో బెర్నౌలీ సూత్రం చదువుతాం. స్విట్జర్లాండు శాస్త్రవేత్త డానియల్ బెర్నౌలీ 1738లో దీన్ని ప్రచురించాడు. ప్రవాహం వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని దాని భావం. పరీక్షలో నాలుగు మార్కులకు రాసి మర్చిపోయే ఆ సూత్రం మీదే కార్బురేటర్ నడుస్తుంది.

ఇంజను పీల్చే గాలి కార్బురేటర్‌లోని సన్నని గొంతు గుండా పోతుంది. సన్నగా ఉన్నచోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కింద ఉన్న చిన్న గిన్నెలోని పెట్రోలు ఆ తక్కువ పీడనం వైపు సన్నని రంధ్రం గుండా ఎక్కి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది. ముఖ్య భాగాలు ఇవి:

1. ఫ్లోటు గిన్నె: పెట్రోలు నిలవ ఉండే గిన్నె. ఇందులో తేలే బెండు లాంటిదే ఫ్లోటు.
2. నీడిల్ వాల్వు: గిన్నె నిండగానే ఫ్లోటు పైకి లేచి ఈ సూదిని నొక్కి పెట్రోలును ఆపుతుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బంతి పనిచేసినట్టే ఇదీ పనిచేస్తుంది.
3. మెయిన్ జెట్: వేగంగా నడిచేటప్పుడు పెట్రోలు ఇచ్చే రంధ్రం.
4. పైలట్ జెట్: నిదానంగా నడిచేటప్పుడు పెట్రోలు ఇచ్చే, ఇంకా సన్నని రంధ్రం.
5. చోక్: చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేసేటప్పుడు గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే తలుపు.

బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు మరీ తగ్గితే ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేయవచ్చు. మరీ ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు తడిసిపోతుంది.

ఇంధనం నడిచే దారి

ట్యాంకు, గాలి మర, పైపు, రబ్బరు బుడ్డి, కనెక్టరు, ఫిల్టరు, పంపు, కార్బురేటర్, సిలిండరు. ఈ వరసను ఎక్కాల్లా బట్టీ పట్టండి. మోటారు ఆగినప్పుడు ఈ వరసలోనే చూడాలి.

మొదటి మెట్టు: లంగరు. మొగలో గానీ, పెద్ద పాయలో గానీ మోటారు ఆగితే మోటారు మీద చెయ్యి వేయకముందే లంగరు వేయాలి. పడవ నిలబడితే ఆలోచించడానికి సమయం దొరుకుతుంది. మా నాన్నవాళ్లు మోటారు మొదట చూశారు, లంగరు తర్వాత వేశారు.

రెండో మెట్టు: స్విచ్చి, గాలి మర. ఆపుడు స్విచ్చికి తాడుతో క్లిప్పు ఉంటే అది ఊడిందేమో చూడాలి. తర్వాత ట్యాంకు మూత మీది గాలి మర. అది బిగిసి ఉంటే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఇక పెట్రోలు రాదు. మోటారు కొన్ని నిమిషాలు బాగా నడిచి ఆగుతుంది. మూత వదులు చేయగానే సుస్సుమని గాలి లోపలికి పోతే సమస్య అదే.

మూడో మెట్టు: పెట్రోలు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి నిలకడగా ఉంచాలి. నీరుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. తుప్పు, ఇసుక కూడా బయటపడతాయి.

నాలుగో మెట్టు: పైపు, బుడ్డి. బుడ్డి మీది బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. నొక్కుతూ పోతే కాసేపటికి బుడ్డి గట్టిపడాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోందని గానీ, బుడ్డిలోని కవాటాలు పాడయ్యాయని గానీ, కార్బురేటర్ నీడిల్ మూసుకోక పెట్రోలు పొంగిపోతోందని గానీ అర్థం. నడుస్తుండగా బుడ్డి చప్పగా లోపలికి నొక్కుకుపోతే ట్యాంకు వైపు ఏదో అడ్డుపడింది. కనెక్టర్లలోని రబ్బరు రింగులను వేలితో తడిమి చూడండి.

అయిదో మెట్టు: ఫిల్టరు. విప్పి శుభ్రం చేసి, మళ్లీ బిగించాక కారుతోందేమో చూడాలి.

ఆరో మెట్టు: పంపు. చాలా పాత మోటార్లలో పంపుకు వేరే యంత్రం ఉండదు. ఇంజను లోపలి పీడనం ఎక్కి దిగడం వల్ల ఒక పల్చని పొర, అంటే డయాఫ్రం, ఊగి పెట్రోలును తోస్తుంది. ఆ పొర చిల్లుపడితే పంపు బలం తగ్గుతుంది.

ఏడో మెట్టు: ప్లగ్గు. చాలాసార్లు తాడు లాగిన తర్వాత కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరుకు చేరడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా నిప్పు రావడం లేదు.

ఇవన్నీ అయ్యాకే ఎనిమిదో మెట్టు, కార్బురేటర్.

రెండు పరీక్షలు, సగం జవాబు

మోటారు ఆగబోతున్నప్పుడు ఒకరు బుడ్డి నొక్కాలి. నొక్కితే కోలుకుంటే సమస్య కార్బురేటర్‌కు ముందే ఉంది. పైపు, రింగు, ఫిల్టరు, పంపు చూడాలి.

బుడ్డి నొక్కినా మార్పు లేక, చోక్ కొద్దిగా లాగితే కోలుకుంటే పెట్రోలు కార్బురేటర్ దాకా వస్తోంది కానీ జెట్‌లు సరిగా ఇవ్వడం లేదు.

రెండింటికీ లొంగకపోతే నిప్పు వైపు, అంటే ప్లగ్గు, కాయిలు వైపు చూడాలి.

ఇంకొన్ని గుర్తులు:

- నిదానంలో నిలవదు, వేగం పెంచితే నడుస్తుంది: పైలట్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు.
- నిదానంలో బాగుంటుంది, వేగం పెంచగానే ఆగిపోతుంది: మెయిన్ జెట్ గానీ, పంపు గానీ.
- కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతుంది: నీడిల్ కింద చెత్త, లేదా ఫ్లోటు పాడైంది.
- నల్లటి పొగ, మసిపట్టిన ప్లగ్గు: పెట్రోలు ఎక్కువ. చోక్ పూర్తిగా తెరుచుకుందో లేదో చూడాలి.

కార్బురేటర్ విప్పేటప్పుడు

విప్పే ముందు ప్రతి పైపునూ, లింకునూ ఒక కాగితం మీద బొమ్మ గీసుకోండి. సెల్‌ఫోను ఉంటే ఫొటో తీయండి. విప్పిన మరలను వరసగా ఒక గుడ్డ మీద పెట్టండి. నిదానపు మిశ్రమం సర్దే మర ఉంటే, దాన్ని తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో లెక్కపెట్టి రాసుకోండి. బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తిప్పాలి. గట్టిగా బిగిస్తే దాని మొన చెడిపోతుంది.

జెట్ ఇత్తడితో చేస్తారు. ఇనుప తీగ గానీ, పిన్నీసు గానీ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత మారిపోతుంది. కార్బురేటర్ క్లీనరు కొట్టి, గాలి పట్టి, వెలుతురుకు ఎత్తి చూడాలి. ఇంకా మూసుకుని ఉంటే సన్నని నైలాన్ గాలపు దారం దూర్చవచ్చు. అది మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే! ఉప్పుగాలికి అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, దాన్ని కూడా తుడవాలి. పాత గ్యాస్కెట్టును అతికించి సర్దుకోకుండా కొత్తది వేయాలి.

ఇప్పటి పెట్రోలు, పాత మోటారు

ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది. దేశంలో 2022లో 10 శాతం కలిపే లక్ష్యం, 2025లో 20 శాతం లక్ష్యం చేరుకున్నట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. చమురు దిగుమతి తగ్గించడానికి, చెరకు, ధాన్యం రైతులకు గిరాకీ కల్పించడానికి ఈ విధానం తెచ్చారు. కానీ పాత మోటారుకు దీనివల్ల మూడు చిక్కులు ఉన్నాయి.

ఒకటి, పాత రబ్బరు పైపులు, రింగులు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి, చీలుతాయి. రెండు, ఇథనాల్‌కు గాలి తక్కువ కావాలి. 20 శాతం కలిస్తే 14.7 పాళ్లకు బదులు దాదాపు 13.5 పాళ్లు చాలు. పాత జెట్ కొలత మాత్రం మారదు కనుక మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గినట్టవుతుంది. మూడు, ఇథనాల్ నీటిని కలుపుకుంటుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. మనం కలిపిన ఆయిలు పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు పైపు అడుగు నుంచి లాగుతుంది కాబట్టి ఇంజనుకు ఆయిలు లేని ద్రవం వెళుతుంది.

పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో తెలుసుకునే తేలికైన ప్రయోగం ఒకటి ఉంది. దీన్ని కెమిస్ట్రీ మాస్టారి సమక్షంలో, మంట లేని చోట మాత్రమే చేయాలి. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీరు, దాని మీద 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూసి, మెల్లగా కలిపి నిలవనివ్వాలి. ఇథనాల్ నీటిలోకి దిగి కింది పొర పెరుగుతుంది. ఎంత పెరిగిందో దాదాపు అంత ఇథనాల్ ఉన్నట్టు.

ఆయిలు లెక్క

రెండు స్ట్రోకుల మోటారుకు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. 50కి 1 అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. 25కి 1 అంటే 10 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. ఏ మోటారుకు ఏ పాలో దాని పుస్తకంలోనో, మూత మీదో ఉంటుంది. పక్క పడవవాళ్ల లెక్క మన మోటారుకు పనికిరాదు. నీటితో చల్లబడే పడవ మోటార్లకు టీసీ-డబ్ల్యూ3 అనే గుర్తు ఉన్న ఆయిలు వేరే ఉంటుంది. కిరోసిన్ మోటారైతే పెట్రోలుతో స్టార్టు చేసి తర్వాత కిరోసిన్‌కు మార్చాలి. ఆపేముందు మళ్లీ పెట్రోలు మీద కాసేపు నడపాలి. లేకపోతే గిన్నెలో కిరోసిన్ మిగిలి మర్నాడు స్టార్టు కాదు.

61 రోజుల విశ్రాంతి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు, మోటారు పడవలు ఆపుతారు. ఆ రోజుల్లో గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, జిగురుగా మారి జెట్‌లను మూసేస్తుంది. నిషేధం ముగిసిన వారంలో మోటార్లు మొరాయించడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి ఏప్రిల్ 14నే గిన్నె అడుగు మర విప్పి పెట్రోలు వంపేయాలి. ట్యాంకు ఖాళీ చేయాలి. పైపు, రింగులు చూసుకోవాలి. జూన్‌లో కొత్త పెట్రోలు పోసి, ముందుగా ఒడ్డు దగ్గరే అరగంట నడిపి చూడాలి. మోటారును గాలిలో నడపకూడదు. అది నీటితోనే చల్లబడుతుంది. ఒడ్డు మీద చూడాలంటే నీళ్ల డ్రమ్ములో దించి నడపాలి.

జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున చేరి నిలుస్తుంది. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. పెట్రోలును నోటితో పీల్చి తీయవద్దు. పడవలో రెండు తెడ్లు, లంగరు, ఒక ప్లగ్గు, రెండు రబ్బరు రింగులు, ఒక పానా ఎప్పుడూ ఉండాలి. సముద్రంలో ప్రమాదం వస్తే తీర రక్షక దళం నంబరు 1554. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. మోటారు అయిదు నిమిషాలు నడిచి ఆగింది. ట్యాంకు మూత తీస్తే సుస్సుమంది. కారణం?
2. 50కి 1 పాలులో 15 లీటర్ల పెట్రోలుకు ఆయిలు ఎంత?
3. చోక్ లాగితే నడుస్తోంది, వదిలితే ఆగుతోంది. బుడ్డి నొక్కినా లాభం లేదు. ఎక్కడ చూడాలి?

(జవాబులు: 1. గాలి మర బిగిసి ఉంది. 2. 300 మిల్లీలీటర్లు. 3. కార్బురేటర్ జెట్‌లలో.)

చివరిగా...

పులిగడ్డ దగ్గర చీలి దివిసీమను చుట్టుకుని కృష్ణ సముద్రంలో కలుస్తుంది. ఎదురుమొండి దీవులవాళ్లకు తరతరాలుగా పడవే దారి అయింది. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మన తాతలు చెప్పగా విన్నాం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చినప్పుడు చాలామందిని పడవలే ఒడ్డుకు చేర్చాయి. మన ప్రాంతంలో మోటారు నడవడం, ఆగడం చిన్న విషయం కాదు.

సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంటి మోటారు పుస్తకం ఎక్కడుందో వెతకండి. దాన్ని నాన్నకు, అన్నయ్యకు తెలుగులో చదివి వినిపించండి. వినిపిస్తూ, "నువ్వు ఏం గమనించావు?" అని వాళ్లను అడగండి. మా ఇంట్లో చదివింది మేము, కానీ జవాబు దొరికింది అన్నయ్య మాటలో. నాన్న ఇప్పుడు మోటారు ఆగితే ముందు లంగరు వేస్తున్నారు.